తొమ్మిది రూపాయల వాక్యం

ఉత్తరం చివర నాలుగే మాటలు:
యై ఒర్కెర్ ఇక్కె మేర్.
పందొమ్మిదివందల యాభై మూడు, ఫిబ్రవరి,
ఉత్తర నార్వేలో చేపలు ఎండేసే ఒక దీవి నుంచి
బోర్గ్‌హిల్డ్ అనే ఆమె చెల్లెలికి రాసింది.
సంతకం కూడా సగంలోనే ఆగింది.

ఆమె మనవరాలికి ఆ భాష రాదు,
ఇంగ్లీషులో కావాలంది.
నాకు వచ్చింది కూడా
బెర్గెన్‌లో నర్సుగా ఉన్న మూడేళ్లలో వచ్చిందే,
ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, పదిలో ఎంత.

మాటకు రెండు రూపాయల పావలా.
లెక్క ప్రకారం ఈ వాక్యం తొమ్మిది రూపాయలు.
మంగళవారం నుంచి దీనిమీదే ఉన్నాను.

టైర్డ్ అని పెట్టి చూశా.
అలసట పడుకుంటే తీరుతుంది. ఇది తీరేది కాదు.
ఐ కాంట్ అని పెట్టా.
గుట్ట ఎక్కలేనివాళ్లు అనాల్సిన మాట,
ఈమె గిన్నెలు కడగాలి, అంతే.
కాంట్ బి బాదర్డ్ అంటుంది నిఘంటువు, ధీమాగా.
ఏడుగురిని కన్న మనిషిని
సోఫాలో కాళ్లు చాపుకున్న పిల్లను చేస్తుంది.
నో స్ట్రెంగ్త్ అంటే ఆఖరి మంచం, తలాపున దీపం.
కానీ తెల్లారి లేచిందిగా!
ఆ తర్వాతి ఉత్తరమూ నా దగ్గరే ఉంది,
మొత్తం ఆలుగడ్డల ధర గురించి.

రాత్రి కుమార్‌పల్లిలో కరెంటు పోయినప్పుడు
చీకట్లో పైకి అన్నాను: ఒర్కె.
ఓర్పు పక్కింట్లోనే ఉన్నట్టు పలికింది.
ఓర్చుకో. ఓర్వలేనోళ్లు. ఊకె.
చుట్టరికం ఏమీ లేదు, తెలుసు,
ఎక్కడివో రెండు రైళ్లు
కాజీపేటలో పక్కపక్కన ఆగినంతే.
అయినా కరెంటు వచ్చేదాకా
వాటిని కలిపి కూర్చోబెట్టాను.

శుక్రవారం, గిర్మాజిపేట పోస్టాఫీసు.
పింఛను లైను మెట్ల దాకా.
నాకు ఇద్దరి ముందు కొంరవ్వ,
బీడీలు చుట్టీ చుట్టీ వేలి గీతలు అరిగినయ్.
మిషన్ మీద బొటనవేలు పెడితే ఎర్ర లైటు.
కొంగుకు తుడిచి పెడితే ఎర్ర లైటు.
ఎడమ చెయ్యి. ఎర్ర లైటు.

"జర ఓపిక పట్టవ్వా, సర్వర్ వస్తది," అన్నడు
కౌంటర్ల పిల్లగాడు.
"ఓపికుంటే నీ కాడికెందుకొస్త కొడుకా."

లైను నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఒక్కటే మాట.
అద్దానికి అవతల దానర్థం ఆగు,
ఇవతల దానర్థం ఒంట్లో మిగిలింది.
ఒకరిచ్చిన చిరిగిన నోటు
ఇంకొకరు తిరిగిచ్చినట్టు
ఆ చిన్న కంతలోంచి వెళ్లి, వచ్చింది.

స్టాంపుల సంగతి మరిచి అక్కడే నిలబడ్డాను.
బోర్గ్‌హిల్డ్ వాక్యం తర్జుమా అయిపోయింది,
ఎవరూ అడగని భాషలోకి.
ఇగ ఓపిక లేదు.
ఇది పట్టుకుపోయి ఆ మనవరాలికి ఎట్లా ఇవ్వను?
మన ఊళ్లో చెల్లే పైసలు అవతల ఊళ్లో రాగి ముక్కలు.

కొంరవ్వను సోమవారం రమ్మన్నారు.
కటకటాలు పట్టుకుని మెట్లు దిగింది,
మూడో మెట్టు మీద కాసేపు ఆగి.

సాయంత్రం ఇంగ్లీషులో రాశాను:
ఐ హావెంట్ ఇట్ ఇన్ మి ఎనీ మోర్.
సరిగ్గా కుదిరిందని అనను.
అందులో ఇట్ అనే పొట్టి మాట ఒకటుంది,
ఏమిటో చెప్పకుండా ముడుచుకుని కూర్చుంది.
అదేంటని అడిగితే
చెప్పుకోవడానికి నా దగ్గర
ఒక ఎర్ర లైటు, ఒక బొటనవేలు.

మనవరాలు అడగలేదు.
థాంక్స్ అంది. తొమ్మిది రూపాయలు
మిగతా ఉత్తరాల లెక్కలో కలిసిపోయాయి.

సోమవారం పని లేకున్నా అటు పోయాను.
షట్టర్ ఇంకా తీయలేదు.
మూడో మెట్టు మీద, సంచి ఒళ్లో పెట్టుకుని,
బొటనవేలికి కొబ్బరినూనె రాస్తూ
కొంరవ్వ.